మచ్చు మార్చమన్న టీచర్ గారు

మా టీచర్ గారు మొన్న బుధవారం పొద్దున పోయారు. శుక్రవారానికల్లా మా మిర్చి గోడౌన్ యాజమాన్యం ఆవిణ్ణి టైపిస్టును చేసేసింది. గేటు బోర్డు మీద సంతాపం కాగితం అంటించారు. బస్తాల తేమ పోల్చి చూసే కంప్యూటర్ ప్రోగ్రాం మా కార్మికుడొకడు సొంతంగా రాశాడట, టీచర్ గారు టైపు కొట్టి సహకరించారట. ఆ కార్మికుణ్ణి నేనే. ఆ కాగితం అబద్ధం.

ఆవిడ గుంటూరులో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. గోడౌన్‌కి కంప్యూటర్ వచ్చినప్పుడు దాంతోపాటు వచ్చిన లావుపాటి పుస్తకం చదివే ఓపిక ఇంకెవరికీ లేక ఆవిణ్ణి పిలిచారు. నేను పదో తరగతితో బడి మానేసి బస్తాలు మోసేవాణ్ణి. ప్రోగ్రాంలు రాయడం ఒక పాత పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నాను. ఒకరోజు అద్దాల గది బయట నిలబడి, ఆవిడ రాసిన దాంట్లో తప్పుందని గట్టిగా అనేశాను.

"బయట నిలబడి ఎవడైనా తప్పులు చెప్తాడు. లోపలికొచ్చి దిద్దవయ్యా" అన్నారు. చెప్పులు విప్పించి మరీ కూర్చోబెట్టారు.

మిషన్ ఆన్ చేసే ముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. మిషన్ చెడిపోకుండానా అండీ అని అడిగితే, "కాదు, నీ నోరు అదుపులో ఉండాలని" అన్నారు. మిరప ఘాటుకు తడి చేతిరుమాలు ముక్కుకు కట్టుకునేవారు. అది కట్టుకునే నన్ను తిట్టేవారు కూడా.

మా ఇద్దరికీ రోజూ ఒకటే గొడవ. నాది స్ట్రీమ్ పద్ధతి. వచ్చిన బస్తాను వచ్చినట్టే చూసి, పక్క మెట్టుకు తోసెయ్యాలి. గోడౌన్‌లో కూలికొచ్చే మా అక్కలు పని చేసేదీ అలాగే కదా: ఒకామె తొడిమ తీస్తుంది, పక్కనామె రంగు పోయిన తాలు కాయ ఏరుతుంది, ఆ పక్కనామె తేమ చూస్తుంది. ఆవిడది ఫంక్షనల్ పద్ధతి. ఫంక్షన్ అంటే ప్రోగ్రాంలో ఒక్క లెక్క చేసే ముక్క. ఒక ఫంక్షన్‌కి ఏం కావాలో అంతా దాని చేతికివ్వాలి, అది జవాబు ఇవ్వాలి. లోపల ఏదీ దాచుకోకూడదు, ఇచ్చిన దాన్ని చెరపకూడదు. అందుకని లాటు మొత్తం, అంటే ఒక రైతు బస్తాలన్నీ, వచ్చేదాకా ఆగి, జాబితా అంతా ఒకేసారి ఇచ్చేవారు.

వేటపాలెం నుంచి వాళ్ల చెల్లెలు జీడిపప్పు పంపిస్తే ఆ పొట్లం మీదా ఇదే వాదన. "పొట్లమంతా లెక్కబెట్టి, ఏరి, అప్పుడు తినాలంటే ఆకలితో చస్తామండీ. ఒక్కోటీ ఇవ్వండి, ఒక్కోటీ తింటా" అన్నాను. నవ్వి ఒక్కోటీ ఇచ్చారు. కాసేపయ్యాక, "ఇప్పటికి ఎన్ని తిన్నావు?" అన్నారు. నాకు గుర్తు లేదు. "చూశావా, గుర్తు పెట్టుకునే పని నీ కడుపుకి వదిలేశావు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అద్దంకి రైతు వచ్చిన రోజున అర్థమైంది.

మా గోడౌన్‌లో ఒక అలవాటుంది. ముందు బస్తాలోంచి గుప్పెడు కాయలు మచ్చుగా పక్కన పెట్టుకుని, తర్వాతి బస్తాను దాంతో పోలుస్తారు. తేడా బస్తాను పక్కన పడేస్తారు. లారీ ఆగకూడదని అప్పట్లో వాడుతున్న నా ప్రోగ్రాం కూడా అంతే. చివరగా బాగుందన్న బస్తా తేమను లోపల దాచుకుని, వచ్చేదాన్ని దాంతో పోల్చేది. ఆ రోజు ముందు వచ్చిన వినుకొండ లాటు కాస్త పచ్చి. దాని వెనకే అద్దంకి రైతు ఎండు కాయ వచ్చింది. మొదటి బస్తా తేడా అంది నా ప్రోగ్రాం. తేడా బస్తా మచ్చు కాదు కాబట్టి పాత మచ్చే లోపల ఉండిపోయింది. రెండోదీ తేడా, మూడోదీ తేడా. ఆయన లాటంతా పక్కన పడింది.

"ఏందిరా ఇది? పది రోజులు కల్లంలో కాపలా పడుకుని ఎండబోశా. నా కాయ తేడా అంటదా మీ డబ్బా? ముందు దాన్ని ఎండబెట్టండ్రా!" అని ఆయన అరుస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

టీచర్ గారు నన్ను తిట్టలేదు. తీసుకెళ్లి తాలు ఏరే అక్కల పక్కన కూర్చోబెట్టారు. కాసేపటికి రైతు మారాడు. మేస్త్రి "మచ్చు మార్చండే!" అని కేకేశాడు. అక్కలు పాత గుప్పెడు పారబోసి, కొత్త రైతు మొదటి బస్తాలోంచి గుప్పెడు తీసుకున్నారు.

"నీ ప్రోగ్రాంలో ఆ కేక ఏదయ్యా?" అన్నారు.

లేదు. రోజూ వింటూ కూడా రాయలేదు.

ఆ వారమంతా కూర్చుని ఆవిడ మొత్తం తిరగరాశారు. బస్తాలు నా పద్ధతిలోనే ఒక్కొక్కటే వస్తాయి, లారీ ఆగక్కర్లేదు. కానీ ఏ మెట్టూ ఏదీ దాచుకోదు. రైతు పేరు, మచ్చు, బస్తా తేమ కలిపి ఫంక్షన్ చేతికి వెళ్తాయి. పేరు మారితే మచ్చు మారుతుంది. జవాబుతో పాటు కొత్త మచ్చు బయటికొస్తుంది. "నీ వరస ఉండనీ. నా లెక్కా ఉండనీ. దాచుకోవడం ఒక్కటే పోవాలి" అన్నారు. అద్దంకి ఆయన్ని మళ్లీ పిలిపించి, ఆయన బస్తాలన్నీ ఆయన ముందే చూపించారు. ఒక్కటీ తేడా రాలేదు. ఆయన వెళ్తూ వెళ్తూ, "డబ్బా ఎండిందమ్మా" అన్నాడు. ఆవిడ రుమాలు తీసేసి మరీ నవ్వారు. అంత సంతోషంగా నేనెప్పుడూ పని చేయలేదు.

నాకు టైపు కొట్టడం నిదానం. అందుకని బస్తాల వరస నేను చెబుతుంటే ఆవిడ కొట్టేవారు. అద్దంలోంచి చూసిన మేనేజర్ గారికి కనబడింది అంతే. ఇప్పుడు ఆవిడ కుర్చీలో నన్ను కూర్చోమంటున్నారు. ఆ కాగితం అక్కడ ఉన్నంతకాలం నేను కూర్చోను.

యాజమాన్యానికి చెప్తున్నాను. ఆ కాగితం పీకేయండి. ప్రోగ్రాం రాసింది టీచర్ గారని, నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నానని కొత్తది అంటించండి. వచ్చే శనివారం సాయంత్రం అయిదు గంటల్లోపు జవాబు కావాలి. అయిదింటికి పని దిగిన అక్కలు ఒళ్లో తొడిమలు దులుపుకుంటూ బోర్డు దగ్గర ఆగుతారు. వాళ్లలో చాలామందికి చదవడం రాదు. "ఏం రాశార్రా టీచరమ్మ గురించి?" అని నన్నే అడుగుతారు.