ఎమ్మిగనూరుకు రైలు వేసిన సావుకారు

పోయిన వారం ఎమ్మిగనూరులో మా చెల్లెలి కుట్టుమిషన్ మొరాయిస్తే బాగుచేయించడానికి తీసుకెళ్ళాం. రిపేరు చేసే ఆయన మిషన్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, చిన్న బుడ్డిలోంచి నాలుగు చుక్కల నూనె వేసి, చక్రాన్ని గిర్రున తిప్పాడు. వేడెక్కిన ఇనుము మీద ఆ పలచటి నూనె వాసన ముక్కుకు తగిలేసరికి బజారు, బయట ఆటోల హారన్లు అన్నీ మాయమై, ఆదోనిలో మా సావుకారి ఇంటి మిద్దె మీది గది కళ్ళముందు నిలబడింది. మిషన్ నూనెకు కన్నీళ్ళు పెట్టుకునే మనిషిని నిన్నొక్కదాన్నే చూశానని మా చెల్లెలు ఎగతాళి చేసింది. దానికేం తెలుసు? అది ఆయన్ని చూడలేదు. చూడని వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను.

నాగభూషణం శెట్టిగారికి ఆదోనిలో పత్తి మిల్లు ఉండేది. గింజ తీసి, దూదిని బేళ్ళు కట్టి పంపే మిల్లు. ఊరంతా ఆయన్ని సావుకారు అనేది. నేను డిగ్రీ పూర్తిచేసి ఆ మిల్లు ఆఫీసులో పనికి వెళ్ళిన మొదటి రోజు ఆయన నా సర్టిఫికెట్ల వైపు కన్నెత్తి చూడలేదు. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, ఓ రైతు తెచ్చిన పత్తి బోరెం, అంటే గోనెసంచి, మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టమన్నాడు. పెట్టాను. పైన వెచ్చగా, పొడిగా ఉన్న పత్తి అడుగున చల్లగా, చెమ్మగా తగిలింది. "కండ్లతో సూసి బేరం సేయగూడదమ్మా. సెయ్యి పెట్టి సూసినాకే నోరు తెరవల్ల," అన్నాడు. చెయ్యి పెట్టడం త్వరగానే వచ్చింది. నోరు తెరవడమే నాకు రాలేదు.

ఇంట్లో నా నోటికి జడవనివాళ్ళు లేరు. గడప దాటితే మాత్రం ఆ నోరు ఏమైపోయేదో. బస్సులో స్టాపు వస్తే ఆపమని కండక్టరును అడగలేక, తరువాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వచ్చిన రోజులున్నాయి. కొత్తవాళ్ళను ఏదైనా అడగడమంటే చెయ్యి చాచి అడుక్కోవడమంత సిగ్గుగా ఉండేది. అలాంటిదాన్ని ఆయన విదేశాలకు వెంట తీసుకెళ్ళాడు. మిల్లుకు కొత్త యంత్రాలు చూడాలి, ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు రాయడం వరకూ వచ్చు. మా అమ్మ గొణగకుండా తన భార్య రుక్మిణమ్మగారిని కూడా బయలుదేరదీశాడు. మాంచెస్టరులో యంత్రాల పని అయిపోగానే ఏ చారిత్రక కట్టడమో చూపిస్తాడనుకుంటే, చిన్న రైళ్ళు అమ్మే అంగడి ఎక్కడుందో కనుక్కోమన్నాడు.

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అరవై దాటిన మనిషి, పత్తి బజారులో ఆయన దగ్గితే ధర తగ్గుతుందని పేరున్న మనిషి, అరచేతిలో పట్టే రైళ్ళ కోసం మాంచెస్టరు సందుల్లో తిరగడం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. హోటలువాళ్ళను అడిగితే చిన్నపిల్లల బొమ్మల దుకాణానికి పంపారు. సావుకారు గడపలోనే ముఖం మాడ్చుకుని వెనక్కి తిరిగాడు. ఆ తరువాత ఒక ఉపాయం చెప్పాడు. "స్టేషనుకు పోదాం. రైలు ఎక్కకుండా, ఊరికే రైళ్ళు సూస్తా కూర్చునేటోడు ఒగడన్నా ఉంటాడు. వాన్నడుగు, వానికి తెల్సుంటాది." నిజంగానే ప్లాట్‌ఫారం చివర బల్ల మీద ఒక ముసలాయన ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అడగమని సావుకారు నన్ను మోచేత్తో పొడిచాడు. నా కాళ్ళు కదల్లేదు. చివరకు ఆయనే వెళ్ళి, గాలిలో పట్టాలు గీసి, నోటితో కూత పెట్టి, అంగడి దారి సంపాదించుకుని వచ్చాడు. నన్ను కోప్పడలేదు. "లేదంటే లేదంటాడు, అంతేగదా. కొడతాడా?" అన్నాడు. ఆ మాట తరువాత ప్రతి ఊళ్ళోనూ విన్నాను.

మరునాడు ఆ అంగడి తెరవకముందే వెళ్ళి చలిలో నిలబడ్డాం. పొద్దున్నే వెళ్ళడం ఆయన అలవాటు, దాంతోనే వచ్చింది తంటా. మొదటి గిరాకీగా అడుగుపెట్టినవాడు ఒట్టి చేతులతో బయటికి వస్తే ఆ అంగడివాడికి ఆ రోజు బోణీ చెడుతుంది. ఆదోని బజారులో పుట్టి పెరిగిన మనిషి ఆ పాపం ఎలా కట్టుకుంటాడు? ఆయనకు కావలసింది ఒక నల్లటి ఆవిరి ఇంజను. అది అక్కడ లేదు. అందుకని బొమ్మ స్టేషనులో వేసే వేలెడంత బల్ల ఒకటి కొన్నాడు. అంగడాయన డబ్బును కళ్ళకు అద్దుకుంటాడేమోనని కాసేపు ఎదురుచూశాడు. అతను దాన్ని సొరుగులో పడేసి గుడ్ మార్నింగ్ అన్నాడు. దారి పొడుగునా మా సావుకారు అదే బాధపడ్డాడు, వ్యాపారం తెలియని దేశం అని.

ఆ బోణీల ఫలితమంతా మిద్దె మీది గదిలో ఉండేది. పెద్ద చెక్కబల్ల మీద ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఆయన రైలుదారి వేసుకున్నాడు. నిజం ఎమ్మిగనూరుకు రైలు లేదు. మగ్గాల చప్పుడు తప్ప రైలు చక్రాల చప్పుడు ఎరగని ఊరు మాది. అది రుక్మిణమ్మగారి పుట్టినూరు కూడా. "సర్కారోల్లు ఏసేది ఎప్పుడో. అందాక నేనేస్తాండా," అనేవాడు. అయితే ఏ దేశంలో కొన్న సామాను ఆ దేశం కొలతలో ఉండేది. జపాను ఒసాకాలో కొన్న స్టేషన్లోకి మాంచెస్టరు బొమ్మ ప్రయాణికులు దూరాలంటే నడుము దాకా వంగాలి. ఆవు ఒకటి రైలు పెట్టెకంటే ఎత్తుగా ఉండేది. పట్టాలు, దీపస్తంభాలు, చెట్లు, పెట్టెలు, నా చేత రాయించిన ఊరి పేర్ల బోర్డులు, అన్నీ ఉండేవి. ఇంజను మాత్రం లేదు. ఏదో ఒకటి కొనొచ్చు కదా అంటే వినడు. వాళ్ళ నాన్న కాలంలో మిల్లు పక్కకు బేళ్ళ కోసం వచ్చిన ఇంజనుకు చక్రాలను కలుపుతూ ఒక ఇనుప కడ్డీ ఉండేదట, అది ముందుకూ వెనక్కూ ఆడుతుంటే చూస్తూ అన్నం మరిచిపోయేవాడట. అలాంటిదే కావాలి. పెట్టెలకు అప్పుడప్పుడు నూనె వేసి చేత్తో నెట్టుకుంటూ, దాని కోసం అలా కాచుకున్నాడు.

ఈలోగా షుగరు ఆయన కళ్ళను పట్టుకుంది. కర్నూలు డాక్టరు దాచకుండా చెప్పాడు, పోయిన చూపు రాదు, ఉన్నదీ ఎక్కువ కాలం నిలవదు అని. ఆ సాయంత్రం ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి, దూదిలోంచి చూసినట్టు ఉంది లోకం అన్నాడు. తరువాత, "కండ్లు మూతబడేలోగా ఆ ఇంజను ఒగసారి సూడల్లమ్మా. ఒగసారి సూస్తే సాలు," అన్నాడు. ఆయన గొంతులో బతిమాలడం నేను ఎప్పుడూ వినలేదు. జర్మనీలో యంత్రాల ప్రదర్శన ఉందని కొడుకులను ఒప్పించి, రుక్మిణమ్మగారినీ నన్నూ వెంటబెట్టుకుని బయలుదేరాడు కానీ, ఆ ప్రదర్శన గేటు కూడా మేము చూడలేదు.

నేనే ఆయన కళ్ళయ్యాను. ప్రతి అంగడిలోనూ అద్దాల వెనక ఉన్నవాటిని ఒక్కొక్కటిగా వర్ణించి చెప్పేదాన్ని. కాదు, కాదు అంటూ వచ్చాడు. ఓ చిన్న ఊళ్ళో, రొట్టెల దుకాణం పైన ఉన్న అంగడిలో, నేను ఒక ఇంజను దగ్గర ఆగాను. నల్లగా ఉంది, చక్రాల మీద కడ్డీ ఉంది అని చెప్పగానే ఆయన అద్దానికి ముఖం ఆనించాడు. చూపు అప్పటికి అద్దం దాటి పోవడం లేదు. చేతిలోకి తీసుకోవాలి. ఇంతలో పక్కన నడుస్తున్న చిన్న రైలు చప్పుడు విని, అదే ఆ ఇంజను అనుకుని, బోరెంలో పెట్టినట్టే ఆ చప్పుడులోకి చెయ్యి పెట్టేశాడు. రైలు పట్టాలు తప్పి, పెట్టెలు బల్ల మీంచి కింద పడ్డాయి. అంగడి నడిపే పెద్దావిడ పరుగున వచ్చి, తన భాషలో గట్టిగా అరిచింది. ఏదీ ముట్టుకోవద్దని గోడ మీద రాసిన కాగితం చూపించింది. అక్కడున్న నలుగురూ మావైపే చూస్తున్నారు. సావుకారు చేతులు జోడించి నిలబడ్డాడు. పత్తి బజారును ఒంటి చేత్తో ఆడించిన మనిషి. "పదమ్మా, పోదాం," అన్నాడు.

ఒట్టి చేతులతో వెళ్ళిపోదాం అన్నాడు ఆయన. అది నేను తట్టుకోలేకపోయాను. నా నోరు ఎలా తెరుచుకుందో నాకే తెలియదు. వచ్చిన ఇంగ్లీషులో, రాని ఇంగ్లీషులో, ఆవిడకు చెప్పాను. ఈయనకు కళ్ళు పోతున్నాయని, చేతులతో చూసే మనిషని, మా ఊళ్ళో సరుకును అలాగే చూస్తామని. ఆయన జేబులో ఎప్పుడూ ఉండే దూది పింజ తీసి, ఆవిడను కళ్ళు మూసుకోమని, వేళ్ళ మధ్య పెట్టి నెమ్మదిగా సాగదీయించాను. ఆ ఇంజనును ఒక్కసారి ఈయన చేతుల్లో పెట్టమని అడిగాను. ఆవిడ అద్దాల అల్మరా తాళం తీసి, ఇంజనును రెండు చేతులతో తెచ్చి ఆయన అరచేతుల్లో పెట్టింది.

ఆయన బొటనవేలు చక్రాల మీద, కడ్డీ మీద నెమ్మదిగా నడిచింది. మళ్ళీ వెనక్కి వచ్చి కడ్డీ దగ్గర ఆగింది. తరువాత తల ఎత్తి నావైపు, అంటే నేనున్నాననుకున్న వైపు, తిరిగాడు. "ఇదేనమ్మా. ఇదే," అన్నాడు. నేను ఆ అంగడిలోనే ఏడ్చేశాను. ఇంజను కొన్నాక, పక్క ఊళ్ళో ఇంకా రెండు అంగళ్ళున్నాయని, తిరుగు ప్రయాణానికి వ్యవధి ఉందని నేను గుర్తుచేస్తే, దొరికినాక ఇంకా వెతకడమేంటని నవ్వి, హోటల్లో ఉన్న రుక్మిణమ్మకు స్వెట్టరు కొనాలి పద అన్నాడు. ఆ తరువాత ఆయన ఏ దేశమూ వెళ్ళలేదు. వానలు మొదలయ్యేలోగా చూపు పూర్తిగా పోయింది. రోజూ సాయంత్రం మిద్దె మీద తన బల్ల మీది ఎమ్మిగనూరు స్టేషను దగ్గర పట్టాల మీద వేలు పెట్టి, రైలు వస్తున్న అదురును వినేవాడు.

ఆయన పోయాక, మాసికం నాడు రుక్మిణమ్మగారు నన్ను ఆ గదిలోకి పిలిచారు. ఇంజనును నా చేతిలో పెట్టి, తీసుకుపొమ్మన్నారు. ఆయన అంత వెతికి సాధించుకున్నది, ఇంట్లోనే ఉండనీయండి అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు. "ఇది అది గాదమ్మా. సెయ్యి పెడుతూనే తెల్సిపాయనంట. ఆ రోజు రాత్రే నాకు సెప్పినారు. ఆ పిల్ల పుట్టినాక మొదటిసారి నోరు తెర్సి అడిగింది, నేను కాదంటే మల్లా యాడా అడగదు, అన్నారు."

ఏది తేడానో ఆయన ఆమెకు చెప్పలేదు. ఆ రెండు అంగళ్ళలో ఆయన ఇంజను ఉందేమో, ఇంకొక్క రోజు తిరిగి ఉంటే కళ్ళు మూతపడేలోగా దొరికేదేమో. ఇప్పుడు నేను సొంతంగా ఎమ్మిగనూరు మగ్గాల దుప్పట్లు, తువ్వాళ్ళు విదేశాలకు అమ్ముతాను. ఏ దేశంలోనైనా తెలియని మనిషి ముందు నిలబడి, కావలసింది అడుగుతాను. పని అయిపోయాక రైళ్ళ అంగడి వెతుక్కుంటూ వెళ్ళి, నల్లటి ఇంజను ఏదైనా ఉంటే చేతిలో పెట్టమంటాను. కళ్ళు మూసుకుని కడ్డీ మీద వేలు నడుపుతాను. ఇదేనా అని ఎవరిని అడగాలో మాత్రం తెలియదు.