కూర్చునే పని

రహమాన్ తండ్రి అనకాపల్లి స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. రహమాన్ చక్కెర ఫ్యాక్టరీలో క్రేను తోలేవాడు. నడపడం అనడు. తోలడమే.

చెరకు బళ్ళ మీది మోపుల్ని ఎత్తి గానుగల వైపు చేరవేసే క్రేను అది. పైన గూడులాంటి గదిలో రహమాన్ కూర్చుంటాడు. కింద అప్పలరాజు నిలబడి చేత్తో సైగ చేస్తాడు. మోపు లేచాక దాని వెనక ఏముందో పైవాడికి కనబడదు. ఎద్దులుంటాయి. మనుషులుంటారు.

అరవై నాలుగు సీజన్లో ఆఫీసుకి అనుమానం వచ్చింది. క్రేనువాడిది కూర్చునే పని. బరువంతా యంత్రానిదే. గొలుసు బండివాళ్ళు తగిలించుకుంటారు. ఇక సైగలవాడు దేనికి? తేల్చడానికి పట్నం నుంచి త్రినాధరావు అనే ఇంజనీరు వచ్చాడు. పనిలోని కష్టాన్ని కొలుస్తాడట.

ఆ ఉదయం యార్డు తీర్థంలా ఉంది. రహమాన్ పండగ చొక్కా తొడుక్కొచ్చాడు.

"మావా, నిమ్మళంగా తోలు. నేను లేనప్పుడు నువ్వు జోరు సేత్తే నా పని పోద్ది," అన్నాడు అప్పలరాజు.

"అరె, నాకు తెల్దేటి?"

మొదట సైగలతో పని. త్రినాధరావు నిచ్చెనెక్కి, "చెయ్యి చూపించు" అన్నాడు. రహమాన్ అరచెయ్యి చాపాడు.

"జాతకం కాదయ్యా, నాడి."

కింద నవ్వులు. నాడి నెమ్మదిగా ఉంది.

తరవాత అప్పలరాజుని పక్కకి నిలబెట్టారు. లివరు మీద చెయ్యి పడగానే రహమాన్ అన్నీ మరిచిపోయాడు. మోపు లేచింది, తిరిగింది, దిగింది. మరొకటి. ఇంకొకటి. బండివాళ్ళు ఈలలు వేశారు.

"సెబాసు సాయిబూ!"

"నీ జోరు తగలెయ్యా! నన్ను ఇంటికి పంపేత్తన్నావు మావా!" అప్పలరాజు అరిచాడు.

చివరి మోపు నేలని తాకాక రహమాన్ తొంగి చూశాడు. పక్కనే ఒక ఎద్దు. కొమ్ముకీ మోపుకీ మధ్య జానెడు.

త్రినాధరావు అతని మణికట్టు పట్టుకున్నాడు.

"గుండె పరుగెడుతోంది. భయపడ్డావా?"

క్రేను మీద రహమాన్‌ని ఆ మాట ఎవరూ అనలేదు. ముఖం ఎర్రబడింది.

"ఉత్సాహం వల్ల కూడా కావచ్చు. కాస్త ఊపిరి తీసుకో. నెమ్మదించాక మళ్ళీ చూసి అదే రాస్తాను."

కింద బండివాళ్ళు ఇంకా అతని పేరే అరుస్తున్నారు. అప్పలరాజు తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు, ఇంటికి బయల్దేరేవాడిలా.

రహమాన్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇదే రాసుకోండి బాబూ," అన్నాడు, కిందికి వినబడేలా. "ఉత్సాహం కాదు, బయమే. అవతల ఏటుందో కనబడకుండా దించేను."

ఈలలు ఆగిపోయాయి. త్రినాధరావు రాసుకున్నాడు. దిగి, సైగలవాడు ఉండవలసిందేనని ఆఫీసువాళ్ళతో అక్కడే చెప్పాడు.

అప్పలరాజు తలెత్తాడు. "ఏటి మావా, బయపడ్డావంట! మీ ఇంటికెళ్ళి జోహరాబీ అత్తకి సెప్పీమంటావా?"

"ఊరంతా సెప్పు!" రహమాన్ పైనుంచి అరిచాడు. నవ్వుతున్నాడు. లివరు మీద చెయ్యి వేసి అప్పలరాజు సైగ కోసం చూశాడు.