బుట్ట నిండా చింతపండు

నా చిన్నప్పుడు కొల్లేరు పొంగిందంటే మా లంకలో ఎవరూ ఇంటికి తాళం వేసేవారు కాదు. ఇంట్లో నీళ్లే కాపురం పెట్టేవి, ఇంక దొంగలెక్కణ్ణించి వస్తారు! సామానంతా దోనెలో వేసుకుని ఏలూరు వైపు మెరక ఊళ్లకు వెళ్లిపోయేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లున్నప్పుడు వచ్చిన వరదకు ఎప్పుడూ వెళ్లే ఊళ్లో చోటు దొరకలేదు. ముక్కూ మొహం తెలియని ఊరి చివర ఒక ఖాళీ పశువులపాకలో దిగాం. నాన్న వలలకు కాపలాగా వెనకే ఉండిపోయాడు. వచ్చింది మా తాతయ్య, అమ్మ, నేను, జ్వరంతో మూలుగుతున్న మా చెల్లి.

సామాను దింపడం అయిందో లేదో, తాతయ్య నన్ను పిలిచి, ఎదురుగా ఉన్న పెంకుటింటికి వెళ్లి కాస్త చింతపండు అడిగి తెమ్మన్నాడు. నాకు ఒళ్లు మండింది. తాటాకు బుట్ట నిండా చింతపండు దోనెలోంచి నా నెత్తి మీదే మోసుకొచ్చాను మరి. ఉన్నదాన్ని లేదని చెప్పి అడుక్కోవడం ఏమిటి? పైగా ఆ ఇంటి అరుగు మీద నా ఈడు పిల్లలు వరసగా కూర్చుని మా చిరుగుల బొంతల్ని చూస్తున్నారు. నేను చిన్నప్పటి నించీ రోషం మనిషిని. వెళ్లినట్టే వెళ్లి, వాళ్ల గడ్డిమేటు వెనకాల కాసేపు నిలబడి వచ్చి, లేదన్నారు తాతయ్యా అని చెప్పేశాను.

తాతయ్య ఆ ఇంటి వైపు ఒకసారి చూసి లేచాడు. తరవాత అమ్మను సామాను మళ్లీ దోనెలో పెట్టెయ్యమన్నాడు. బయట ఈదురుగాలి, చినుకులు. పిల్లను ఈ గాలిలో ఎక్కడికి తీసుకెళ్తాం మావయ్యగారూ అని అమ్మ ఏడుపు గొంతుతో అడిగింది.

"రెబ్బ చింతపండు లేదన్న వాకిట్లో, రేపు పిల్లకి జ్వరం ముదిరితే ఎవర్ని పిలుస్తామమ్మా? ఇంకో ఊరు చూసుకుందాం" అన్నాడాయన.

అమ్మ చెల్లిని గోనెపట్టాలో చుట్టి భుజాన వేసుకుంది. చెల్లి తల అటూ ఇటూ వాలిపోతోంది. వాళ్లు గట్టు దిగడం మొదలుపెట్టారు. పరిగెత్తుకెళ్లి తాతయ్య పంచె పట్టుకుని, నేను అసలు అడగనేలేదని చెప్పేశాను.

కొట్టలేదు. కొట్టినా బాగుండేదనిపించింది. అమ్మను మళ్లీ పాకలోకి వెళ్లమని, నా మణికట్టు పట్టుకుని తిన్నగా ఆ ఇంటి గుమ్మంలోకి తీసుకెళ్లాడు. ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మగారండీ, వరదకొచ్చినవాళ్లమండీ. పులుసులోకి కాస్త చింతపండు ఇప్పిస్తారేమోనని ఇందాకే మా పిల్లని పంపానండీ. సిగ్గుపడి గుమ్మం దాకా రాకుండానే వెనక్కొచ్చేసింది."

ఆవిడ నవ్వి, లోపలికెళ్లి ఆకులో ఇంత ముద్ద పెట్టి తెచ్చింది. ఎంతమంది వచ్చారు, ఎక్కడివాళ్లు, ఆ మూలుగు ఎవరిది అని ఆరా తీసింది. తీసి ఊరుకోలేదు, మా వెనకాలే పాకలోకి వచ్చి చెల్లి ఒళ్లు ముట్టుకుని చూసింది. మర్నాడు పొద్దున్నే వాళ్ల ఎడ్లబండి కట్టించి అమ్మనీ చెల్లినీ ఏలూరు ఆసుపత్రికి పంపింది. ఇంకొక్క రోజు ఆగితే పిల్ల దక్కేది కాదని డాక్టరుగారు అన్నారట.

వరద తీశాక మేం తిరిగి వెళ్లిపోయే రోజున ఆవిడ నా బుగ్గ గిల్లింది. "మీ బుట్ట నిండా చింతపండు ఉందని నాకు తెలుసులేవే. నువ్వు నెత్తిన పెట్టుకుని దిగుతుంటే అరుగు మీంచి చూశానుగా" అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. తెలిసీ ఎందుకిచ్చిందని దోనెలో తాతయ్యను అడిగాను. ఆయన గెడ వేస్తూ, మనం ముందు ఆవిడ గడప తొక్కాం కాబట్టి ఆవిడ మన పాకలోకి రాగలిగింది, లేకపోతే చెల్లి మూలుగు వినబడినా మనం ఏమనుకుంటామో అని మొహమాటపడి ఆగిపోయేది అని చెప్పాడు. సరేనన్నాను. సగమే అర్థమైంది.

మిగతా సగం అర్థం కావడానికి నాకు అమెరికాలో మూడు రాష్ట్రాలు పట్టాయి.

నేను చేపల జబ్బులు చూసే ల్యాబులో పని నేర్చుకున్నాను. పెళ్లి కుదరలేదు. దానికి నేనూ పెద్దగా బెంగ పెట్టుకోలేదు. నలభై దాటాక ఉద్యోగం నన్ను మిసిసిపీ తీసుకెళ్లింది. అక్కడ మన జెల్లల్లాంటి మీసాల చేపల్ని చెరువుల్లో పెంచుతారు. నాలుగు పలకల చెరువులు, గట్లు, గట్ల మీద కొంగలు. మొదటిరోజు ఇది మన కైకలూరు వైపే కదా అని సంబరపడ్డాను. కార్లలోంచి అందరూ చెయ్యి ఊపేవారు. బాగున్నారా అని అడిగి, జవాబు చెప్పేలోపే వెళ్లిపోయేవారు. మూడేళ్లున్నాను. పక్కింటివాళ్ల పేరు వాళ్ల పోస్టుడబ్బా మీద చదివి తెలుసుకున్నాను.

తరవాత లూసియానా. అక్కడ వరిచేలల్లో నీళ్లు నిలగట్టి, రొయ్యకీ పీతకీ మధ్యరకంగా ఉండే ఎర్రటి జీవాన్ని బుట్టల్లో పడతారు. చూపుకి అచ్చం మన డెల్టా. అదే నన్ను ఎక్కువ ఏడిపించింది. చేను మనదిలాగే ఉంటుంది, గట్టు మీద పిలిచే మనిషే ఉండడు. నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు, అన్నీ ఉన్నాయి అనుకునేదాన్ని. నిజంగానే అన్నీ ఉండేవి. ఫ్రిజ్ నిండా కూరలు, ఒక కంచం.

చివరికి ఐడహో. అక్కడ కొండ రాళ్లలోంచి దూకే చల్లటి నీళ్లలో ట్రౌట్ చేపల్ని పెంచుతారు. శీతాకాలం సెలవులకు ల్యాబు మూసేశారు. బయట మోకాళ్ల లోతు మంచు. పక్కింట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉండేది. ఆవిడ పెరట్లో డజను కోళ్లు. వాటి గోల తప్ప నాకు మరో చప్పుడు లేదు. తొమ్మిదో రోజున పొయ్యి మీద పాలు పొంగితే అయ్యో అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తొమ్మిది రోజులుగా నేను ఒక్క మాట మాట్లాడలేదు. నాకు నిజంగా భయమేసింది. ఈ ఇంట్లో నేను మూలిగినా ఎవరూ రారు, ఎందుకంటే ఇన్నేళ్లలో నేను ఎవరి గడపా తొక్కలేదు.

కోటు వేసుకుని వెళ్లి పక్కింటావిడ తలుపు కొట్టి, ఒక ఉల్లిపాయ ఉంటే ఇస్తారా అని అడిగాను. నా వంటింట్లో సంచి నిండా ఉన్నాయి. అడుగుతుంటే నాకు మళ్లీ ఎనిమిదేళ్లే అనిపించింది. ఆవిడ లోపలికెళ్లి ఎర్ర ఉల్లిపాయ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. థ్యాంక్స్ చెప్పి వచ్చేశాను. అంతే. పిచ్చిపని చేశాననుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నా తలుపు చప్పుడైంది. ఆవిడే. మంచులో కర్ర ఊనుకుంటూ వచ్చింది. రెండు కోడిగుడ్లు ఉంటే ఇస్తారా అని అడిగింది.

ఆవిడ భుజం మీంచి చూస్తే పెరట్లో కోళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. బజార్లో కొన్న తెల్ల గుడ్లు రెండు తీసి గిన్నెలో పెట్టి, లోపలికి రండి, టీ పెడతాను అన్నాను. ఆవిడ వచ్చింది. చీకటి పడేదాకా కూర్చుంది. పోయిన భర్త గురించి చెప్పింది, నేను మా చెల్లి గురించి చెప్పాను. ఆవిడ వెళ్లాక గుమ్మం దగ్గరే కూర్చుని మా తాతయ్యను తలుచుకుని బావురుమన్నాను.

అమెరికా నించి తిరిగొచ్చేసి ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను, ఇక్కడా ఒక్కదాన్నే. చెల్లి ఏలూరు నించి రోజూ ఫోన్ చేసి వచ్చి తన దగ్గర ఉండమంటుంది. ఈ ఉదయం ఎదురు వాటాలో ఎవరో కొత్తమ్మాయి దిగింది, చంకలో పిల్లాడితో. సామాను దించేసి లారీ వెళ్లిపోయింది. అప్పటినించీ ఆ తలుపు మూసే ఉంది. లోపల పిల్లాడు ఏడుస్తున్నాడు.

నా వంటింట్లో జాడీ నిండా చింతపండు ఉంది. మూత గట్టిగా పెట్టేసి, ఖాళీ గిన్నె తీసుకుని బయల్దేరాను.