బోరు నీళ్ల డబ్బాతో నాగర్‌కర్నూల్ దాకా

"గౌరిని అమ్మేస్త చెల్లె, దాని బాధ చూడలేకపోతున్న" అని మా అక్క యాదమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. గౌరి అంటే అక్క తన చేతుల మీద పెంచిన పెయ్యదూడ, ఈమధ్యే పాలపళ్లు ఊడి రెండు కొత్త పళ్లేసింది. కొన్నాళ్లుగా కుంటుతోంది, లేవాలంటే మూలుగుతోంది. మర్నాడు బేరగాడు వస్తాడట. నాకు ఒళ్లు మండింది. డాక్టరుకు చూపించకుండా అమ్ముడేంది? "నేనొచ్చేదాక దాని పలుపు ఎవ్వరి చేతికియ్యకు" అని చెప్పి తెల్లారగానే బయలుదేరాను.

గద్వాల నుంచి వనపర్తికి పొద్దున బస్సులకు కొదవ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు, సీటు దొరకడం మాత్రం మన అదృష్టం. ఎర్రవల్లి చౌరస్తా దాటి బీచుపల్లి వంతెన ఎక్కగానే కృష్ణ మీది గాలి చల్లగా తగిలింది. ఇంకోరోజైతే కిటికీ వదిలేదాన్ని కాదు, ఆ పూట నా ధ్యాసంతా గౌరి కాళ్ల మీదే. వనపర్తి బస్టాండులో ఇడ్లీ తిని బిజినేపల్లి బస్సెక్కాను. అక్కడినుంచి తిమ్మాజిపేట వైపు షేర్ ఆటోలు తిరుగుతాయి. ఎండ ముదరకముందే అక్క ఊరు చేరాను.

నాగర్‌కర్నూల్ దవాఖానకు పోవడానికి అక్క పిలిపించిన ట్రాలీ ఆటో బాలయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. కిందంతా గడ్డి పరిచి గౌరిని ఎక్కించాం. అక్క పరుగున లోపలికి వెళ్లి పెద్ద డబ్బా నిండా నీళ్లు మోసుకొచ్చింది.

"నాగర్‌కర్నూల్ల నీళ్లు దొరకవా అక్కా? పెయ్యకు పెండ్లి జేస్తున్నవా ఏంది?" అన్నాడు బాలయ్య.

"నువ్వు బండి జర మెల్లగ నడుపు సాలు. బయటి నీళ్లు దీనికి తాపియ్యను" అంది అక్క.

నాగర్‌కర్నూల్ పశువుల దవాఖానలో డాక్టరమ్మ గౌరి పెదవి ఎత్తి చూసింది. తెల్లగా ఉండాల్సిన కొత్త పళ్ల మీద గోధుమరంగు చారలు! కాలి ఎముకలు తడిమి, ఏం పెడుతున్నారని అడిగింది.

"వరిగడ్డి డాక్టరమ్మా. పల్లి చెక్క పాలిచ్చే ఆవుకు పెడ్తం గదా, పెయ్యకెందుకు?"

"ఆ డబ్బాల ఏంది?"

"మా బోరు నీళ్లు. ఆవు మేతకు పోయి కాలువల తాగొస్తది. దీన్ని ఎండల తిప్పొద్దని ఇంటికాన్నే కట్టేసిన. మేం తాగే నల్లా నీళ్లకు మందు వాసనొస్తది, పసిదానికెందుకని రోజు తాజాగ బోరు నీళ్లే పెడ్తున్న."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఆ బోరు మీదనే నాకు అనుమానం. ఫ్లోరైడ్ ఎదిగే పళ్లను, ఎముకలను పట్టుకుంటది. వట్టి గడ్డి తిని ఒంట్ల ప్రోటీన్ లేని పశువునైతే ఇంకా గట్టిగ దెబ్బ కొడ్తది. నీళ్లు పరీక్షకు పంపుదాం."

"బతుకుతదా అమ్మా?" అని అడిగింది అక్క.

"బతుకుడేంది, మంచిగ నడుస్తది! పళ్ల మీది మచ్చలు పోవు గని ఎముకలు ఇంకా మరీ చెడలేదు. ఇయ్యాల్టి నుంచే నల్లా నీళ్లు పెట్టు, అవి శుద్ధి చేసిన నది నీళ్లు, ఫ్లోరైడ్ భయం లేదు. పల్లి చెక్క, పచ్చిమేత, నేను రాసిచ్చే ఖనిజ లవణాలు పెట్టు."

అక్క అక్కడే కూలబడి గౌరి మెడ పట్టుకుని ఏడ్చేసింది. నాకైతే గుండెల మీది బండ దిగినట్టయింది. తిరుగు దారిలో బేరగాడు ఫోన్ చేస్తే "నీ బేరమొద్దు, నువ్వొద్దు" అని అక్క టక్కున పెట్టేసింది. బాలయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు.

నీళ్ల పరీక్షలో డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. ఎండ తగలనీయక, మందు వాసన సోకనీయక ప్రాణంగా చూసుకున్నదే గౌరికి ముప్పయిందంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ డబ్బా మోసుకు రాకపోతే అసలు సంగతి ఎప్పటికి తెలిసేదో! నిన్న అక్క ఫోన్: "నీ గౌరి పలుపు తెంపుకుని పల్లి చేన్ల పడ్డదే! దాని ఎంబడి ఉరికి ఉరికి నా మోకాళ్లు పోయినయి." తిడుతూనే నవ్వింది, నేనూ నవ్వాను. మీరూ దూడను దవాఖానకు తీసుకెళ్తుంటే, అది రోజూ తాగే నీళ్లు శుభ్రమైన సీసాలో పట్టుకెళ్లండి. దారిలో తాపడానికి కాదు, డాక్టరుకు ఇవ్వడానికి.