మూడో వరసలో మావయ్య పడవ

ఎం.టెక్. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో, మా విజయనగరం కాలేజీలో ప్రతి బ్యాచ్ చేసే ప్రాజెక్టు ఒకటే: లైబ్రరీ నిర్వహణ. ఏటేటా కొత్తగా చేస్తారు. ఏటేటా మా లైబ్రేరియన్ తన పాత అట్ట పుస్తకంలోనే రాసుకుంటాడు. మా గైడు గారికి అది చూసి చూసి విసుగొచ్చింది. "లైబ్రరీ అన్నవాళ్ళు నా గదిలోకి రావద్దు. నిజంగా వాడే మనుషుల్ని వెతకండి. అయిదుగురు వాడి, బాగుందని సంతకం పెట్టాలి. సంతకాలు లేకపోతే వైవా లేదు," అన్నారు. వైవా లేదంటే ఇంకో ఆరు నెలలు అక్కడే పడి ఉండాలి. నాకేమో నోరు ఆగదు. అందరికంటే ముందు లేచి, "భావనపాడులో మా మేనత్త ఉంది సార్. అయిదేం ఖర్మ, యాభై తెస్తాను," అనేశాను.

అత్తది చేపల బేరం, మావయ్యది పడవ. తెల్లారకముందే వేటకెళ్ళిన పడవలు ఎనిమిదికి రావచ్చు, పన్నెండుకి రావచ్చు. ఎవరిది ఎప్పుడొస్తుందో తెలీక ఆడవాళ్ళంతా గంపలు పట్టుకుని ఎండలో ఇసుక మీద కూర్చుంటారు. వాళ్ళని ఉద్ధరిద్దామనుకున్నాను. పడవ ఒడ్డుకు తగలగానే ఒకరు ఫోన్‌లో నొక్కుతారు, అది అందరి ఫోన్లలోనూ కనబడుతుంది. అప్పటిదాకా హాయిగా ఇంట్లో ఉండొచ్చు.

వాడేవాళ్ళకి ఏం కావాలో ముందు వాళ్ళనే అడగాలని మా పాఠం. నలభై ప్రశ్నలు అచ్చు వేయించుకుని వెళ్ళాను.

"అత్తా, మీ ప్రస్తుత వ్యవస్థలో ప్రధాన లోపం ఏమిటి?"

"మీ మావ," అంది చేప పొలుసు గీరుతూ.

"అది కాదత్తా, సమాచారం విషయంలో."

"అదే సెప్తన్నాను. ఏటడిగినా పలకడు."

ఇంకా ముప్పై తొమ్మిది మిగిలాయి. వాటికి జవాబులు బస్సులో కూర్చుని నేనే రాసేసుకున్నాను. అలా రాసుకోవడం ఎంత ఘోరమో పరీక్షలో నాలుగు పేజీలు రాసి క్లాసు ఫస్టు తెచ్చుకున్నదాన్నీ నేనే.

రెండు నెలలకి యాప్ తయారైంది. ఒకరోజు ఉదయం ఎనిమిదింటికి ఒడ్డున ఆడవాళ్ళందరినీ పోగేసి గొప్పగా తెరిచాను. ఇరవై పడవల పేర్లు వరసగా ఉన్నాయి. వచ్చినదానికి ఆకుపచ్చగా 'వచ్చింది', రానిదానికి ఎర్రగా 'రాలేదు'. అప్పటికి ఒక్క పడవా రాలేదు కాబట్టి తెర నిండా ఎరుపే. చూసి నాకే ముచ్చటేసింది. ఏడో తరగతి దాకా చదివిన అత్త వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి మూడో వరస దగ్గర ఆగింది.

"ఒసే! ఏటే ఇది?"

"ఇంకా రాలేదని, అత్తా."

"ఏటకెల్లినోల్లని అలగంటారేటే? నీ నోరు పడిపోను!"

"ఈ గుంటకి సదువెక్కువైపోనాది," అంది పక్కనున్నావిడ గంప దించి. అత్త పరుగున వెళ్ళి గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి, నా ఫోన్ చుట్టూ మూడుసార్లు తిప్పి, టీ బడ్డీ పొయ్యిలో పడేసింది. సముద్రపు గాలికి ఘాటు ఎవరికీ తగల్లేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిదేనని అందరూ తేల్చేశారు.

నాకు ఒళ్ళు మండింది. "అత్తా, అది డేటా! రాలేదు కాబట్టి రాలేదు. మరి మీరేమంటారు?"

"వస్తాది అంటాం."

"ఎప్పటిదాకా?"

"వచ్చీదాకా."

"ఒకవేళ..." అని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. మూడో వరస మా మావయ్య పడవ. దాని పక్కన ఎర్రగా ఆ మాట రాసి, ఆవిడ చేతికిచ్చి, మెచ్చుకోమని నిలబడ్డాను. నా నలభై ప్రశ్నల్లో ఒక్కటీ ఈ సంగతి అడగలేదు. చాలా సిగ్గేసింది.

అక్కడే ఇసుకలో కూర్చుని మార్చాను. ఎరుపు పోయి పసుపు వచ్చింది. 'రాలేదు' పోయి 'వస్తాది' వచ్చింది. పన్నెండు దాటితే మిగతా పడవలవాళ్ళ ఫోన్లన్నీ మోగుతాయి, వెతకడానికి వెళ్ళమని. మాట మాత్రం మారదు. నొక్కే పని అత్త తనే తీసుకుంది. అయిదు సంతకాలూ దొరికాయి. అభిప్రాయం రాయాల్సిన గడిలో అత్త రాసింది: 'బాగున్నాది. పిల్ల సిక్కిపోనాది, బువ్వ సరిగా పెట్టండి.' ఇంతకీ ఆడవాళ్ళు ఇంటిపట్టున ఉన్నారా అంటే, లేదు. ఒడ్డునే కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు.

వైవాకి వేరే ఊరి కాలేజీ నుంచి ఎగ్జామినరు గారొచ్చారు. నా వంతు వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. గోడ మీద పెద్ద తెరపై యాప్ నడుస్తోంది. పంతొమ్మిది వరసలు ఆకుపచ్చ. మూడోది ఒక్కటే పసుపు.

"రాకపోతే ఏం చూపిస్తుంది?" అన్నారాయన.

"వస్తాది అని, సార్."

"సాయంత్రానికీ రాకపోతే?"

"వస్తాదే, సార్."

"ఇది లోపం కదమ్మా."

మా గైడు గారు తల పట్టుకున్నారు. "లోపం కాదు సార్, వాళ్ళు కావాలన్నదే అది. పదిహేడో పేజీలో సంతకాలున్నాయి," అన్నాను కాస్త గట్టిగానే.

ఆయన పేజీలు తిప్పారు గానీ చూపు తెర మీదే ఉంది. "ఆ మూడోది ఎవరిది?"

"మా మావయ్యది, సార్."

ఆయన గడియారం చూసుకున్నారు. పన్నెండుకి అయిదు నిమిషాలు. ముగ్గురం ఆ పసుపు వరసని చూస్తూ కూర్చున్నాం. వైవా సంగతే మర్చిపోయాను. ఆయనే, "ఒకసారి ఫోన్ చెయ్యమ్మా," అన్నారు. చేసి స్పీకర్‌లో పెట్టాను.

"అత్తా, మావయ్య పడవ..."

"అయ్యో, నొక్కడం మర్సిపోనానే! ఎప్పుడో వొచ్చీసినాడు. బువ్వ తినీసి గుర్రెడతన్నాడు. ఉండు."

మూడో వరస ఆకుపచ్చగా మారింది. ఎగ్జామినరు గారు గట్టిగా ఊపిరి వదిలారు. "ఇది మాత్రం లోపమే," అంటూ కాగితం మీద రాసుకున్నారు.

"నీ పరీచ్చేటైనాదే? పాసైనావా?" అంది అత్త.

"ఇంకా ఫలితం రాలే..."

ఆయన పెన్ను ఎత్తి నన్ను ఆపేశారు. ఫోన్ వైపు వంగి, "వస్తాదమ్మా," అన్నారు.