మధురవాడకు రెండు మార్కులు

ఆ రోజుల్లో నేను తీసుకున్నంత చెత్త నిర్ణయం మా గోపాలపట్నం బజారులో ఇంకెవరూ తీసుకోలేదు; ఈ విషయంలో నాకు పోటీ లేదు. పైగా అది తొందరపడి తీసుకున్నది కాదు, గళ్ళు గీసి, మార్కులు వేసి, పద్ధతిగా తీసుకున్నది. కొత్తగా చేరిన మధురవాడ ఆఫీసులో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. ఎటూ తేలని విషయం వస్తే, చూడవలసినవన్నీ ఒక టేబుల్లో రాసుకోవాలి, ఒక్కోదానికీ మార్కులు వెయ్యాలి, కూడితే ఎక్కువ వచ్చినదాన్ని ఎంచుకోవాలి. (మధ్యాహ్నం బిర్యానీ పెట్టారు, అంత నమ్మకం అందుకే కుదిరిందేమో.) సరిగ్గా అప్పుడే మా నాన్న, పాతికేళ్ళు ఒకే కిరాణా కొట్టులో కూర్చుని కూడబెట్టిన డబ్బుతో, రెండో కొట్టు పెందుర్తిలో పెట్టాలా మధురవాడలో పెట్టాలా అని తేల్చుకోలేక సతమతమవుతున్నాడు. నేను లాప్‌టాప్ తెరిచాను.

పద్ధతిలో తప్పేమీ లేదు. తప్పల్లా దాన్ని కొట్టువాళ్ళ ఇంట్లోకి తేవడమే. పెందుర్తిలో కాపురం ఉండే మా అక్క భర్త, పార్కింగు గడిలో నేను మధురవాడకు వేసిన పది మార్కులు చూసి, "పార్కింగుకి పదేటి బామ్మర్దీ, ఐదు సేసుకో" అన్నాడు. నేను ఎనిమిదన్నాను. ఆరున్నర దగ్గర తెగింది. అద్దె దగ్గర అతను దిగితే, జనం రాకపోకల దగ్గర నేను దిగాను. కూడితే రెండు చోట్లకీ సమానంగా వచ్చాయి. ఇంతసేపు బేరమాడినవాణ్ణి కొసరు వెయ్యకుండా పంపడం మా వాళ్ళలో లేదు కనుక, బావే మధురవాడకు ఇంకో రెండు మార్కులు పడేశాడు. (కొట్టు ఆఫీసు పక్కనే ఉంటే మధ్యాహ్నం నడుం వాల్చవచ్చన్న సంగతి నేను టేబుల్లో రాయలేదు. మనసులోనే పదికి పది వేసుకున్నాను.)

నాన్న అంతా విని ఒక్కటే అడిగాడు. "ఒరే, పొద్దున్నే ఆ సెంటర్లో నిలబడి, సంచీ పట్టుకుని ఎంతమంది ఎల్తన్నారో సూసేవా?"

"అక్కర్లేదు నాన్నా, టేబుల్ సెప్పీసింది" అన్నాను.

నిలబడి ఉంటే తెలిసేది. ఆ అపార్ట్‌మెంట్లలో సంచీ పట్టుకుని కిందికి దిగేవాళ్ళే లేరు; ఫోన్ నొక్కితే బియ్యం బైకెక్కి గుమ్మంలోకి వస్తుంది. మధురవాడలో తెరిచిన మా కొట్టు దగ్గర రోజూ ఆగేది ఆ బైకులవాళ్ళే, అడ్రసు అడగడానికి. నాన్న ఓపిగ్గా చెప్పేవాడు. ఎనిమిదో నెలలో షట్టరు దించి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "మధురవాడలో దారులన్నీ నేర్సుకున్నాన్రా" అన్నాడు.

నిజాయితీగా రాస్తే బిల్లు ఇంతే: ఎనిమిది నెలల అద్దె, సగం ధరకు పోయిన ర్యాకులు, ఇంకోచోట మళ్ళీ మొదలుపెట్టేందుకు నాన్న దాచుకున్న ఓపిక. మొదటి రెండూ జీతంలోంచి తీర్చేశాను. మూడోది ఎంతో ఆయన చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను రేటు అడగనిది అదొక్కటే.