వదిన గొంతుకు సరిపడే ఈల

మా కోలాటం బృందంలో ఈల గొట్టం ఊదేది నేనే. ఆడదానికి ఈలేమిటని మొదట్లో అడిగినవాళ్లున్నారు. ఒక్కసారి పక్కన నిలబెట్టి ఊదాక చెవులు మూసుకుని అడగడం మానేశారు. అంతకుముందు వెదురు పిల్లనగ్రోవి వాయించేదాన్ని. ఇంట్లో ఎంత కమ్మగా ఉన్నా, బయట డప్పులు మొదలయ్యాయంటే అది నాకే వినబడేది కాదు. అందుకని కరెంటు వైర్లకు వాడే ప్లాస్టిక్ పైపు ముక్క కోసి, మూతికి చెక్క బిరడా కొట్టి, దాని కింద గాలి చీలడానికి చిన్న కిటికీ చెక్కి, వేళ్లకు రంధ్రాలు పెట్టుకున్నాను. గట్టిగా ఊదితే ఊరవతలికి వినబడేది. దాన్ని చూసుకుని నాకు మహా గర్వం.

పాట ఎత్తేది మా వదిన, అంటే మాతోనే ఉండే మా ఆయన అక్క. నా పెళ్లిలో ఆమె పాడుతుంటే రోడ్డున పోయే ఆటోలు ఆగాయి. నా ఈల శ్రుతి ఇస్తుంది, వదిన అందుకుంటుంది, మిగతావాళ్లు కోలలు వేస్తూ వెంట పాడతారు. మా పద్ధతి అంతే.

పోయినసారి లింగాల ఘనపూర్ దగ్గర ఒక ఊళ్లో, ఊరి నడుమ పాతిన రాయిని కొలిచే బొడ్రాయి పండుగకు మమ్మల్ని పిలిచారు. దేవరుప్పులలో మా వాకిట్లోనే సాధన పెట్టుకున్నాం. పాట పై చరణానికి వచ్చేసరికి వదిన గొంతు జీరపోయింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ అదే చోట అదే జీర.

“ఏంది పిల్లా, నీ గొట్టం పైపైకి పోతున్నది? జర సక్కగ చేసుకోరాదు?” అంది వదిన.

నాకు ఒళ్లు మండింది. ఫోన్‌లో శ్రుతి చూపించే యాప్ తెరిచి ఊదాను. ముల్లు సరిగ్గా నడిమధ్యన నిలబడింది. చూడమని ఫోన్ తిప్పేలోపే వదిన కోలలు కింద పెట్టేసింది.

“పండుగల గూడ గిట్లనే అయితే నేనిగ పాడ. బాక్సు పెట్టుకోండ్రి.”

బాక్సులో పాటలు వేసుకుంటే ఏ గొడవా ఉండదని వెనక వరసలో అప్పటికే గుసగుసలున్నాయి. వదిన వాటిని విననట్టే ఉండేది.

అప్పుడు మాకు డప్పు కొట్టే అన్న లేచాడు. డప్పు కాచుకోవడానికి పక్కనే గడ్డి మంట వేసుకున్నాడు. “గంతదానికి పరేషాన్ ఎందుకు చెల్లె? జర కాక తగిలితే అదే దారికొస్తది,” అంటూ నా చేతిలోని గొట్టం లాక్కుని మంట మీద పట్టాడు. ఆయన డప్పు బద్ధకిస్తే మంటే మందు, మరి గొట్టానికి వేరే వైద్యం ఎందుకనుకున్నాడు. నేను కేక వేసేలోపే అది కుక్క తోకలా వంకర తిరిగింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, వదిన కూడా. నేనొక్కదాన్నే నోటికొచ్చినట్టు తిట్టాను.

మర్నాడు జనగామ వెళ్లి కొత్త పైపు తెచ్చాను. పాతదాని కొలతకే కోద్దామని వాకిట్లో కూర్చున్నాను. అటు వంటింటి గడప దగ్గర వదిన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తన మానాన తాను అదే పాట పాడుకుంటోంది. పై చరణం వచ్చింది. జీర లేదు. నీళ్లలా సాగిపోయింది. ఫోన్ తీసి చూశాను. ముల్లు నా ఈల ఉండే చోటుకు బాగా కిందనే ఆడుతోంది.

గొట్టం పైకి పోలేదు. వదిన గొంతే కిందికి దిగింది. వయసు మోకాళ్లలోకి వచ్చినట్టే గొంతులోకీ వస్తుంది కదా. కోయబోతున్న పైపు పక్కన పెట్టాను. అప్పుడు ఆ పాట సరిగ్గా విన్నాను. దిగిన గొంతులో ముందెప్పుడూ లేని నిండుతనం ఉంది. అంత బాగున్నదాన్ని బలవంతంగా పైకి లాగుతున్నది మేమే.

శ్రుతి కిందికి దిగేలా పైపును ఈసారి పొడుగ్గా కోశాను. రంధ్రాలు ముందు చిన్నగా పెట్టి, ఆకురాయితో కొంచెం కొంచెం పెంచుతూ పోయాను. ఇంట్లో మెల్లగా ఊది సరిచేస్తే బయట గట్టిగా ఊదినప్పుడు శ్రుతి పైకి లేస్తుంది. అందుకే పత్తి చేను గట్టు మీద నిలబడి గుండెల నిండా ఊదుతూ సరిచేశాను. మేస్తున్న బర్రెలు తలెత్తి ఎటో పోయాయి. వాటి యజమాని అన్న మాటలు రాయను. ఒక రంధ్రం కాస్త పెద్దదైతే పై అంచున మైనం అద్ది దిద్దుకున్నాను. ఈ సంగతేదీ ఎవరికీ చెప్పలేదు.

పండుగనాడు ఊరంతా బయటే ఉంది. ఆడబిడ్డలు, అల్లుళ్లు, డప్పులు, దుమ్ము. శ్రుతి ఇచ్చాను. వదిన అందుకుంది. పై చరణం దగ్గర నేను ఊపిరి బిగబట్టాల్సింది, కానీ ఊదాలి కదా, ఊదాను. ఆమె గొంతు ఎక్కడా తడబడకుండా డప్పుల మీదుగా వెళ్లిపోయింది. వెనక వరసవాళ్లు కోలలు విరిగేలా కొట్టారు. మళ్లీ పాడమని ఊరివాళ్లు అడిగితే వదిన సిగ్గుపడుతూనే మళ్లీ పాడింది. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా లేదు.

తిరుగు దారిలో ఆటోలో, గొట్టం దారికొచ్చింది తన మంట వల్లేనని డప్పు అన్న చెప్పుకుంటుంటే నేను కాదనలేదు. పక్కన కూర్చున్న వదిన గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ చివర నుంచి ఈ చివరకు జానతో కొలిచి, నా ఒళ్లో పెట్టింది.

“మంచిగ కోసినవ్ పిల్లా,” అంది నా చెవిలో, ఇంకెవరికీ వినబడకుండా. “వచ్చే ఏడు ఇంకో రెండు వేళ్లు పొడుగుంచు.”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏడుస్తవేంది?” అంది వదిన. “ఊదు.”